కదలని నీడకు పట్టా ఎవరిది? సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ కథల్లో కొత్తదనం గురించి

[దృశ్యం: పానగల్లు, ఛాయా సోమేశ్వరాలయ మండపం. ఉదయం వేళ.]

నమస్తే. నల్లగొండ పట్టణాన్ని ఆనుకుని ఉన్న పానగల్లులో, ఛాయా సోమేశ్వరాలయ మండపంలో కూర్చుని మాట్లాడుతున్నాను. నా వెనుక గర్భాలయంలో లింగం మీద ఒక నీడ పడి ఉంది, చూడండి. నిటారుగా, స్తంభం నీడలా ఉంది. పొద్దున వచ్చినా, మధ్యాహ్నం వచ్చినా, సాయంత్రం వచ్చినా అది అక్కడే ఉంటుంది. సూర్యుడు తూర్పు నుంచి పడమరకు వెళ్తాడు, ఈ నీడ మాత్రం కదలదు. కుందూరు చోడుల కాలంలో కట్టిన గుడి ఇది.

"నాకు తట్టిన ప్రతి ఊహా ఎవరో ఒకరు ముందే రాసేశారు, ఇక నేనేం రాయాలి?" అని కథలు రాసే పిల్లలు నన్ను తరచుగా అడుగుతారు. ఆ ప్రశ్న అడిగేటప్పుడు వాళ్ల ముఖంలో నిజమైన బాధ కనిపిస్తుంది. ఈ వీడియో వాళ్ల కోసం చేస్తున్నాను. ఇక్కడికే ఎందుకు వచ్చానంటే, ఈ నీడతోనే మనం ఇప్పుడు ఒక కథ మొదలుపెట్టబోతున్నాం.

కాగితం, కలం తీసుకోండి. కదలని నీడ అనగానే మీకు తట్టిన కథావస్తువులు మూడు రాయండి. వీడియో ఆపి రాయండి, నేను ఉంటాను.

రాశారా? దేవుడి మహిమ, గుడి కింద పాతిపెట్టిన గ్రహాంతరవాసుల యంత్రం, నీడలోంచి వేరే కాలానికి దారి. ఈ మూడింటిలో కనీసం రెండు మీ కాగితం మీద ఉండి ఉంటాయి. మొదటిసారి నేను కూర్చున్నప్పుడు నా కాగితం మీద మూడూ ఉన్నాయి. ఇవి చెడ్డవని నేను అనను. కానీ ఇవి ఈ నీడను చూసి పుట్టినవి కావు, మనం అంతకుముందు చదివిన, చూసిన కథల్లోంచి వచ్చి కూర్చున్నవి. అందుకే అందరి కాగితాల మీదా అవే ఉంటాయి. వాటిని కొట్టేయండి.

ఇప్పుడు అసలు పని. ముందు ఆ నీడ సంగతి తెలుసుకుందాం. గర్భాలయంలోకి ఎండ సూటిగా పడదు. చుట్టుపక్కల నుంచి చెదిరిన వెలుతురు వస్తుంది. స్తంభాలు ఆ వెలుతురుకు అడ్డుపడే తీరు వల్ల నీడ ఒకేచోట నిలిచిపోతుంది. కట్టినవాళ్ల లెక్క అంత చక్కగా కుదిరింది. సైన్స్ ఫిక్షన్ రాసేవారు ఇలాంటి సంగతి తెలుసుకుని తీరాలి. ఫాంటసీ రాసేవారికి ఈ వివరణ అక్కర్లేకపోవచ్చు, కానీ వారు పెట్టుకునే మాయకు కూడా ఒక కట్టుబాటు ఉండాలి.

సరే, ఒక మాయ పెట్టుకుందాం. రేపటి నుంచి నల్లగొండలో ప్రతి నీడా ఉదయం తొమ్మిది గంటలకు పడ్డచోటే రోజంతా ఉండిపోతుంది. ఇంతే ఊహ. ఇందులో పెద్ద గొప్పతనం లేదు, ఎవరికైనా తట్టవచ్చు.

ఇప్పుడు బయటికి వెళ్దాం. గడియారం సెంటర్ దగ్గర ఒక అమ్మ సీతాఫలాల గంప పెట్టుకుని కూర్చుంటుంది. ఇన్నాళ్లూ ఆమె ఎండను బట్టి గంపను జరుపుకునేది. ఉదయం గోడ పక్కన, మధ్యాహ్నం వేపచెట్టు కింద. ఇప్పుడు నీడ జరగదు. చెట్టుకు పడమటి పక్క రోజంతా చల్లగా ఉంటుంది, తూర్పు పక్క రోజంతా కాలిపోతుంది. మే నెలలో మన ఎండలు తెలుసు కదా. అంటే నీడ ఇక ఆస్తి అయిపోయింది. ఆస్తి అయ్యాక దానికి కాగితం కావాలి. నీడ ఎవరిది? చెట్టు ఉన్నవాడిదా, నీడ పడ్డ నేల ఉన్నవాడిదా? పక్కింటి గోడ నీడ నా పెరట్లో పడితే ఆయన నన్ను కిరాయి అడగవచ్చా? నా పొలంలో రోజంతా నీడ పడి పంట ఎదగకపోతే నష్టం ఎవరిస్తారు?

ఇక్కడికి వచ్చాక నాకు పహాణీ, అంటే ఏ భూమి ఎవరిదో రాసి ఉంచే రెవెన్యూ లెక్క, గుర్తొచ్చింది. పాత పహాణీ చూసినవారికి తెలుసు, అందులో పట్టాదారు పేరు ఒక గడిలో, సాగు చేసేవాడి పేరు మరో గడిలో ఉండేది. ఆ రెండు గడుల మధ్య ఎన్ని కుటుంబాల ఏడుపు ఉందో తెలంగాణ పల్లెల్లో పెరిగిన ఎవరికీ చెప్పనక్కర్లేదు. నీడకు కూడా ఒక పహాణీ రాస్తే? ఇరవై ఏళ్లుగా ఆ వేపచెట్టు కింద కూర్చున్న అమ్మ పేరు ఏ గడిలో రాస్తారు? అసలు రాస్తారా?

చూడండి, కదలని నీడ నుంచి మనం ఎక్కడికి వచ్చామో. ఈ కథ ఇంకెవరో రాసి ఉంటారని నాకు భయం లేదు. ఊహ అందరికీ వస్తుంది. ఆ ఊహ మీ వీధిలోకి వచ్చినప్పుడు ఎవరి బతుకు ఎలా తలకిందులవుతుందో మీకు తెలిసినంత బాగా ఇంకొకరికి తెలియదు. నేను చెప్పదలచుకున్నది ఇదే. ఒక పర్యవసానం దగ్గర ఆగిపోకండి. రెండోది, మూడోది, నాలుగోది అడుగుతూ వెళ్లండి. నా అనుభవంలో మూడో మెట్టు దాటాకే కథ నాదనిపించడం మొదలవుతుంది.

నా మొదటి కథలో అంతరిక్ష నౌక మంచు కురిసే పైన్ అడవిలో దిగింది. అప్పటికి నేను మంచు చూడలేదు, పైన్ చెట్టు చూడలేదు. కథను తిప్పి పంపిన సంపాదకుడు ఉత్తరంలో ఒకే ఒక్క ప్రశ్న రాశారు: "ఈ అడవిలో మీరు ఎప్పుడైనా నడిచారా?" ఆ ప్రశ్నకు నేను ఇప్పటికీ కృతజ్ఞుణ్ణి.

[దృశ్యం: తెరపై "రోబో" అనే మాట.]

ఇంకొక ఉదాహరణ. దీని దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగుతాను, ఎందుకంటే ఇది తెలిసిన రోజు నాకు నిద్రపట్టలేదు. రోబో అనే మాటను లోకానికి ఇచ్చింది 1920లో చెక్ రచయిత కారెల్ చాపెక్ రాసిన నాటకం. చెక్ భాషలో రోబోత అంటే ఏమిటో తెలుసా? భూస్వామి కింద రైతులు కూలి లేకుండా చేసి తీరవలసిన పని. మన మాటలో చెప్పాలంటే వెట్టి!

నల్లగొండవాళ్లకు వెట్టి అంటే ఏమిటో ఎవరూ నేర్పనక్కర్లేదు. 1946 నుంచి 1951 దాకా సాగిన రైతాంగ సాయుధ పోరాటంలో ముందు నిలిచిన జిల్లా ఇది. ఆ నాటకంలో రోబోలు తిరగబడి మనుషుల్ని అంతం చేస్తాయి. వందేళ్లుగా లోకమంతా అదే తిరుగుబాటును మళ్లీ మళ్లీ రాస్తోంది. మీరు మీ ఊరి గడీ ముందు, అంటే ఒకనాటి దొర కోటలాంటి ఇంటి ముందు, నిలబడి ఆలోచించండి. తిరుగుబాటుకు ముందు ఎన్నో తరాలు గడిచాయి. ఆ తరాలవాళ్లు అర్ధరాత్రి పిలుపు వస్తే ఎలా తప్పించుకునేవారు? ఏ పనిని కావాలని ఆలస్యం చేసేవారు? ఒకరి వంతు ఇంకొకరు ఎలా మోసేవారు? మీ ఇంట్లో పెద్దవారు ఉంటే ఇవాళే అడగండి. తుపాకీ పట్టని రోబో, వినబడనట్టు ఊరుకోవడం నేర్చుకున్న రోబో ఆ జవాబుల్లోంచి పుడుతుంది.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. మన ప్రాంతం నుంచి రాయమన్నాను కదా అని మన బాధల్ని అలంకారంగా వాడకండి. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన మనుషులు మర్రిగూడ వైపు పల్లెల్లో మన మధ్యే ఉన్నారు. వాళ్ల రూపాన్ని తెచ్చి భూతానికి తొడిగితే అది కొత్తదనం అనిపించుకోదు, అన్యాయం అవుతుంది. కావాలంటే ఆ నీటి గురించి రాయండి. పటిక, సున్నం కలిపి నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ప్రపంచమంతటా నల్లగొండ పద్ధతి అనే పేరుంది. ఒక ఊరి పేరు దాని జబ్బుకు మందుగా మారడం కంటే మంచి కథావస్తువు ఏం కావాలి?

చట్టం గురించి కూడా చాలామంది భయపడతారు. క్లుప్తంగా చెప్తాను. ఊహ మీద, కథావస్తువు మీద ఎవరికీ కాపీరైటు ఉండదని మన సుప్రీంకోర్టు 1978లోనే ఆర్.జి. ఆనంద్ కేసులో చెప్పింది. చట్టం కాపాడేది ఆ వస్తువును రచయిత చెప్పిన తీరును. కాలయంత్రం గురించి మీరు నిశ్చింతగా రాయవచ్చు, మరొకరి కాలయంత్రం కథను సన్నివేశం తర్వాత సన్నివేశంగా దింపుకోకూడదు. ఈ భయంతో చదవడం మానేయకండి. బాగా చదివినవారికే ఏ దారి అరిగిపోయిందో తెలుస్తుంది.

ఇక మీకు పని. నారాయణపేట జిల్లాలో, కృష్ణ ఒడ్డున ముడుమాల్ అనే ఊరుంది. అక్కడ ఆదిమానవులు నిలబెట్టిన నిలువురాళ్లు మనిషి ఎత్తుకు మించి ఉంటాయి. ఒక రాతి మీద చెక్కిన చిన్న గుంతల్లో సప్తర్షి మండలాన్ని పరిశోధకులు గుర్తించారు. 2025లో యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాల తాత్కాలిక జాబితాలో ఆ స్థలం చేరింది. మీకు వెంటనే తట్టే గ్రహాంతరవాసుల్ని పక్కన పెట్టండి. ఆ గుంతలు చెక్కిన మనిషికి ఆ రోజు అన్నం ఎవరు పెట్టారు, పని మానేసి ఆకాశం చూస్తున్నందుకు ఇంట్లోవాళ్లు ఏమన్నారు, అక్కడి నుంచి మొదలుపెట్టి ఒక పేజీ రాయండి.