యూ తోడు లేని క్యూ

శ్రోతలకు నమస్కారం. ఇంగ్లీషు అక్షరాల బిళ్లలను గళ్ల పలక మీద పేర్చి మాటలు కట్టే ఆట స్క్రాబుల్. అది ఆడేవాళ్లకు ఎప్పుడో ఒకప్పుడు ఎదురయ్యే ఇబ్బంది ఇది. సంచిలో చెయ్యిపెట్టి బిళ్ల తీస్తే క్యూ వస్తుంది. దాని విలువ 10 పాయింట్లు, కానీ చేతిలో యూ ఉండదు. క్వీన్, క్విక్, క్వశ్చన్... మనకు వెంటనే తట్టే మాటలన్నిటికీ క్యూ పక్కన యూ కావాలి. దానికోసం ఎదురుచూస్తూ ఆట అయిపోయేదాకా క్యూని పట్టుకు కూర్చునేవాళ్లే ఎక్కువ. ఆ ఎదురుచూపు అక్కర్లేదు.

ముందు బిళ్లల లెక్క చూడండి. మొత్తం 100 బిళ్లల్లో క్యూ ఒక్కటే. యూలు 4. ఐలు మాత్రం 9, ఏలు 9. అంటే యూ కన్నా ఐ, ఏ దొరకడమే తేలిక. మన దేశంలో పోటీల్లో వాడే, ఆటలో చెల్లే మాటల కాలిన్స్ జాబితాలో, క్యూ పక్కన యూ లేకుండానే చెల్లే చిన్న మాటలు చాలా ఉన్నాయి.

వాటిలో మొదటిది రెండే అక్షరాలు: క్యూ, ఐ. పలకడం మాత్రం 'చీ'. చైనా సంప్రదాయ వైద్యంలో ఒళ్లంతా ప్రవహించే ప్రాణశక్తికి ఆ పేరు. చైనా 1958లో ఆమోదించిన పిన్యిన్ రోమన్ లిపిలో మన 'చ'కు దగ్గరగా ఉండే ఒక ధ్వనికి క్యూ అక్షరం పెట్టారు. అలా వచ్చిందీ క్యూ. పాత పద్ధతిలో సీ, హెచ్, ఐ అని రాసినా చెల్లుతుంది.

ఈ రెండక్షరాలకు మామూలుగా వచ్చేది 11 పాయింట్లే. చోటు చూసి పెడితే ఎంతవుతుందో చెబుతాను. పలక మీద నిలువుగా 'టాక్సీ' అనే మాట ఉందనుకోండి. దాని చివరి అక్షరం ఐ. ఆ ఐకి ఎడమ పక్క గడి, అక్షరం విలువను మూడింతలు చేసేది. అక్కడ క్యూ పెట్టి, దాని కింద మీ చేతిలో ఉన్న ఐ పెట్టండి. అడ్డంగా ఒక మాట, నిలువుగా ఒక మాట, రెండూ అదే మాట. క్యూకి 30, ఐకి 1, మొత్తం 31. రెండు వైపులా లెక్కిస్తారు కాబట్టి 62. రెండే బిళ్లలతో 62 పాయింట్లు! అందుకే క్యూ చేతికి రాగానే, మూడింతల గడి పక్కన ఐ ఉందేమో చూడాలి.

ఇక ఏ ఉన్నవి. క్యూ, ఏ, టీ కలిస్తే 'ఖాత్'. యెమెన్, ఇథియోపియాల్లో ఉత్సాహం కోసం నమిలే ఆకు. దీన్ని కేతో మొదలుపెట్టి రాసినా చెల్లుతుంది. చివర ఎస్ చేర్చి బహువచనం కూడా చేయొచ్చు.

మిగతా మాటలు చాలావరకు అరబ్బీ నుంచి వచ్చాయి. అరబ్బీలో 'కాఫ్' అనే అక్షరాన్ని గొంతు లోపలినుంచి పలుకుతారు. మామూలు క నుంచి దాన్ని వేరుచేయడానికి రోమన్ లిపిలో క్యూ వాడారు. ఇక్కడే తెలుగువాళ్లకు పెద్ద వెసులుబాటు. ఈ మాటల్లో చాలా మనం రోజూ వినేవే. ఫకీరు, తలాక్, నిఖాబ్, బుర్ఖా, వక్ఫ్. అన్నిటా క్యూ ఉంది, యూ దాని పక్కన లేదు. పీర్ల పండుగకు మొక్కుకుని ఫకీర్లయ్యేవాళ్లున్న ఊళ్లలో ఆ మాట తెలియనిదెవరికి? అయితే అలవాటుగా దాన్ని కేతో రాసేస్తాం. అలా రాస్తే 12 పాయింట్లు, క్యూతో రాస్తే 17. నాలుగక్షరాల వక్ఫ్‌కి 19.

ఒక జంటను విడిగా గుర్తుపెట్టుకోండి. క్యూ, ఏ, డీ, ఐ. ఈ వరసలో పెడితే ఇస్లామీ న్యాయం ప్రకారం తీర్పు చెప్పే ఖాజీ. అవే నాలుగక్షరాలను క్యూ, ఏ, ఐ, డీ అని మారిస్తే ఉత్తరాఫ్రికాలో తెగ నాయకుడు. చోటుకు ఏది సరిపోతే అది వాడుకోవచ్చు. అలాగే 'కనాత్', క్యూ, ఏ, ఎన్, ఏ, టీ. ఇరాన్‌లో కొండవాలు నుంచి భూమి లోపలే నీటిని ఊళ్లకు తెచ్చే సొరంగ కాలువ. కర్ణాటకలోని బీదర్‌లో కరేజ్ అనే పాత నీటి సొరంగం ఆ జాతిదే.

జనం తప్పుచేసేది ఎక్కడంటే, ఇరాక్, ఖతార్ పెట్టేస్తారు. దేశాల పేర్లు చెల్లవు. ఐక్యూ అనే పొడి అక్షరాలూ చెల్లవు. ఎదుటివాళ్లు సవాలు చేస్తే బిళ్లలు వెనక్కి తీసుకోవాలి, ఆ వంతు కూడా పోతుంది. ఇంకొందరు క్యూని వదిలించుకోవాలని ఏ అక్షరంగానైనా వాడుకోగల ఖాళీ బిళ్లను యూగా వాడేస్తారు. చేతిలోని ఏడు బిళ్లలూ ఒకేసారి పెట్టి 50 అదనపు పాయింట్లు తెచ్చుకోవడానికి పనికొచ్చే బిళ్ల అది. పెద్ద లాభం కనపడకపోతే దాన్ని అట్టే పెట్టుకోండి.

నైజెల్ రిచర్డ్స్ అనే న్యూజిలాండ్ ఆటగాడు ఫ్రెంచి రాకుండానే మాటలు కంఠస్థం చేసి 2015లో ఫ్రెంచి స్క్రాబుల్ ప్రపంచ పోటీ గెలిచాడు. అర్థం తెలియకపోయినా ఆట సాగుతుందన్నమాట. కానీ మనలాంటివాళ్లకు అర్థమే జ్ఞాపకానికి కొక్కెం.

చివరగా, సంచిలో 7 బిళ్లలకన్నా తక్కువ మిగిలితే చేతిలో బిళ్లలను సంచిలోవాటితో మార్చుకోవడానికి వీల్లేదు. అప్పుడు క్యూ చేతిలో మిగిలిపోతే మీ మొత్తంలోంచి 10 పోతుంది, ముందుగా ఆట ముగించినవాళ్లకు అదే 10 కలుస్తుంది. తేడా 20. కాబట్టి సంచి తేలికపడుతోందనగానే పలక మీద ఎన్ని ఐలు పడ్డాయో లెక్కపెట్టండి. తొమ్మిదీ వాడేసి, వాటి పక్కన చోటు లేకపోతే, మార్చుకునే వీలుండగానే క్యూని సంచిలో వేసేయండి. నమస్కారం.