పొయ్యిలు రెండు, కుటుంబాలెన్ని?

శ్రోతలకు నమస్కారం.

యూనివర్సిటీలో కుటుంబం గురించి పాఠం చెబుతానంటే మా బంధువులు నవ్వేవారు. "అందులో చెప్పడానికేముందమ్మా, అందరికీ తెలిసిందేగా!" అని. తిప్పలంతా అక్కడే. వేరే క్లాసులకు పిల్లలు ఏమీ తెలియక వస్తారు, నా క్లాసుకు అన్నీ తెలిసే వస్తారు.

అందుకే మొదటివారం పుస్తకం తెరవను. కలిసి ఉంటూ ఒకే వంటింట్లో తినేవాళ్ళను జనగణనలో ఒక కుటుంబంగా రాసుకుంటారని చెప్పి, మీ ఇల్లు లెక్కేసుకు రండి అంటాను. ఇక గొడవ మొదలు. కూకట్‌పల్లి అమ్మాయి ఇంట్లో కింద తాతయ్యా నానమ్మా, పైన వీళ్ళు. గ్యాస్ కనెక్షన్లు రెండు. పప్పు కిందనుంచి ఎక్కుతుంది, కూర పైనుంచి దిగుతుంది. కోడికూర మాత్రం పైనే, నానమ్మ తన పొయ్యిమీద నీచు పెట్టనివ్వదు. ఇది ఒక కుటుంబమా, రెండా? ఇంకో అబ్బాయి అన్న డల్లాస్‌లో ఉండి ఇంటి లోను కడుతున్నాడు, లెక్కలో మాత్రం లేడు.

ఇళ్ళలోకి వెళ్ళి చూసి రాయడం ఇక్కడ కొత్తేం కాదు. ఉస్మానియాలో పనిచేసిన మానవశాస్త్రవేత్త ఎస్.సి. దూబే హైదరాబాద్ దగ్గరి శామీర్‌పేట ఊరిని అలాగే చదివారు, ఆ పుస్తకం 1955లో వచ్చింది.

అన్నిటికన్నా వేడెక్కేది ఆస్తి పాఠం. ఉమ్మడి ఆస్తిలో కూతురికీ సమాన వాటా అన్న చట్టం మన ఉమ్మడి రాష్ట్రంలో 1985 సెప్టెంబరు నుంచే ఉంది, దేశమంతటికీ వచ్చింది 2005లో. మనది అప్పటికే పెళ్ళయినవాళ్ళకు వర్తించలేదు. అంటే అప్పట్లో ఒకే ఇంట్లో అక్కకు లేకపోయేది, చెల్లెలికి ఉండేది. "మీ అమ్మను, మేనత్తను అడిగి రండి" అంటాను. తెచ్చే కబురు తరచూ ఒకటే: రిజిస్ట్రారు ఆఫీసులో తన వాటా వదులుకుంటున్నట్టు హక్కు విడుదల పత్రం మీద సంతకం, ఆ సాయంత్రం అన్నయ్య పెట్టిన పట్టుచీర. "వాటా అడిగితే పుట్టింటి గడప తొక్కనిస్తారా మేడమ్?" అని ఒకమ్మాయి అడిగింది. నా దగ్గర జవాబు లేదు. క్లాసులో కూర్చున్న మగపిల్లలు కూడా ఆ ప్రశ్న విన్నారు, నాకది చాలు.

ఈ చదువుకు ఉద్యోగాలేమిటని తల్లిదండ్రులు అడుగుతారు, అడగాల్సిందే. ఫ్యామిలీ కోర్టుల్లో కౌన్సెలర్లుగా, స్వచ్ఛంద సంస్థల్లో, బళ్ళలో చేరినవాళ్ళున్నారు. జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ అంత రాదు. పెళ్ళిసంబంధాలు చూసేటప్పుడు అదో ఇబ్బందే.