డేటా నాది, ఏ పాఠం వినాలో కూడా నా ఇష్టమే ఉండాలి

అందరికీ నమస్కారం. చిక్కడపల్లి లైబ్రరీలో పొద్దున్నుంచి గ్రూప్స్‌కి చదువుకుంటున్న మిమ్మల్ని పుస్తకాల దగ్గర్నుంచి లేపి తెచ్చారు, అందుకే నేరుగా విషయంలోకొస్తా.

మీలో చాలామంది క్లాసులు ఫోన్లోనే వింటారు కదా. రేపు మీ సిమ్ కంపెనీ ఓ మెసేజ్ పెట్టిందనుకోండి, ఫలానా పెద్ద కోచింగ్ యాప్ చూస్తే డేటా కట్ అవ్వదు అని. సంతోషమే. కానీ అశోక్‌నగర్‌లో చిన్న రూమ్‌లో కూచుని ఎకానమీ తెలుగులో అరటిపండు ఒలిచినట్టు చెప్పే సార్ ఒకాయన ఉన్నాడనుకోండి, ఆయన వీడియోకి మాత్రం మీ డేటా కరిగిపోతుంది. డేటా అయిపోవచ్చినప్పుడు ఎవరి క్లాస్ వింటారు? ఆ సార్ పాఠంలో లోపమేం లేదు, కంపెనీకి కట్టడానికి ఆయన దగ్గర డబ్బుల్లేవు, అంతే. నెట్ న్యూట్రాలిటీ, అంటే నెట్ ఇచ్చే కంపెనీ అన్ని సైట్లనీ ఒకేలా చూడాలన్న మాట, ఆ గొడవంతా దీని గురించే. 2003లో టిమ్ వూ అనే లా ప్రొఫెసర్ ఆ పేరు పెట్టాడు.

ఇది మన దగ్గర నిజంగానే మొదలైంది. 2015 ఫిబ్రవరిలో ఫేస్‌బుక్, రిలయన్స్ కమ్యూనికేషన్స్ కలిసి ఇంటర్నెట్ డాట్ ఆర్గ్ తెచ్చాయి, మొదటి ఆరు రాష్ట్రాల్లో తెలంగాణ, ఆంధ్రా రెండూ ఉన్నాయి, కొన్ని సైట్లు ఫ్రీ, మిగతావాటికి డబ్బులు. తర్వాత దాని పేరే ఫ్రీ బేసిక్స్ అయింది. ఆ ఏప్రిల్‌లోనే ఎయిర్‌టెల్ జీరో వచ్చింది, యాప్ కంపెనీ డబ్బు కడితే దాని యాప్ చూసేవాళ్లకి డేటా కట్ అవ్వదన్నమాట, జనం తిట్టేసరికి ఫ్లిప్‌కార్ట్ అందులోంచి తప్పుకుంది. అప్పటికే టెలికాం కంపెనీలకి రూల్స్ పెట్టే ప్రభుత్వ సంస్థ ట్రాయ్, 20 ప్రశ్నలతో ఓ పేపర్ పెట్టి అభిప్రాయాలు అడిగింది, పది లక్షలకి పైగా మెయిల్స్ వెళ్లాయి. అందులో ఒకటి నాది. హాస్టల్ రూమ్‌లో కూచుని పంపా, ఎవరైనా చదువుతారా అని అనుమానం ఉండేది, ఇప్పుడు తల్చుకుంటే మాత్రం గర్వంగా ఉంటది.

2016 ఫిబ్రవరి 8న ట్రాయ్ తేల్చేసింది: ఏ సైట్ చూస్తున్నావన్నదాన్ని బట్టి డేటా రేటు మార్చకూడదు, మారిస్తే రోజుకి 50 వేలు, మొత్తం 50 లక్షల దాకా జరిమానా. ఫ్రీ బేసిక్స్ ఇక్కడ ఆగిపోయింది.

నన్ను ఎప్పుడూ అడిగే ప్రశ్న ఒకటుంది. అసలేమీ లేనోడికి కొంచెమైనా ఇస్తుంటే ఎందుకు అడ్డుపడ్డారు అని. ఇది కొట్టిపారేసే ప్రశ్న కాదు, అప్పట్లో 1 జీబీ కొనాలంటే కూలి చేసుకునేవాళ్లకి భారమే. కానీ ఫ్రీగా ఇవ్వాలనుంటే డేటానే ఇవ్వొచ్చు కదా, దాంతో ఏం చూస్తాడో వాడిష్టం. 2016 డిసెంబర్లో ట్రాయ్ కూడా అదే చెప్పింది, పల్లెల్లో నెలకి 100 ఎంబీ ఫ్రీగా ఇవ్వండి, ఏ సైట్ అయినా పర్లేదు అని. నాకు ఇదే సరైన దారి అనిపిస్తుంది. పేదవాడికి నెట్ ఇస్తున్నాం కాబట్టి అందులో ఏముండాలో కూడా మేమే చెప్తాం అంటే నేనొప్పుకోను.

రేటు ఒక్కటే కాదు, స్పీడు కూడా ఉంది. కావాలని ఒక సైట్‌ని స్లో చేయడం, బ్లాక్ చేయడం కుదరదని 2017 నవంబర్లో ట్రాయ్ సిఫార్సు చేసింది, 2018 జులైలో కేంద్రం ఒప్పుకుంది. రిమోట్ సర్జరీ, అంటే డాక్టర్ దూరం నుంచి నెట్ ద్వారా చేసే ఆపరేషన్, అలాంటివాటికి మినహాయింపు ఇవ్వడానికి దారి ఉంచారు, అది సబబే.

మరి అయిపోయిందా అంటే లేదు. అమెరికాలో 2015లో రూల్స్ పెట్టారు, 2017లో తీసేశారు, 2024లో మళ్లీ తెచ్చారు, 2025 జనవరిలో కోర్టు కొట్టేసింది. ఇక్కడేమో టెలికాం కంపెనీలు, వీడియో యాప్‌ల వల్ల మా నెట్‌వర్క్ మీద లోడ్ పడుతుంది, వాళ్లు మాకు వాటా ఇవ్వాలి అంటున్నాయి. ఆ వీడియో చూడ్డానికి మనం రీచార్జ్ చేసుకున్నాం కదా, మళ్లీ అటువైపు నుంచి కూడా వసూలు చేస్తామంటే ఎలా? పెద్ద యాప్ కట్టేస్తుంది, రేపు అదే లెక్క చిన్నవాళ్ల దాకా వస్తే మన అశోక్‌నగర్ సార్ ఎక్కడ్నుంచి తేవాలి?

2023లో ట్రాయ్ దీనిమీదా పేపర్ పెట్టింది. ఇలాంటివి ట్రాయ్ వెబ్‌సైట్లో వస్తుంటాయి, గడువు లోపల ఎవరైనా రాయొచ్చు, లాయర్ అవ్వక్కర్లేదు. ఇక మీరు అడగండి, వెనక వరసలో అమ్మాయి ఇందాకట్నుంచి చెయ్యెత్తి ఉంది, ముందు ఆమెకి మైకివ్వండి.