హాంగ్ సెంగ్ ఈటీఎఫ్ కొనేముందు ఈ ఒక్క నంబర్ చూడండి

నమస్తే అండీ. "డబ్బంతా ఇండియా మార్కెట్లోనే ఎందుకు, హాంకాంగ్, చైనా వైపు కూడా కొంచెం పెడదామా" అని ఈమధ్య చాలామంది అడుగుతున్నారు. మన డీమ్యాట్‌లోనే, రూపాయల్లోనే కొనుక్కునే దారి ఒకటుంది, నిప్పాన్ ఇండియా ఈటీఎఫ్ హాంగ్ సెంగ్ బీస్. ఈటీఎఫ్ అంటే ఒక ఇండెక్స్‌లోని షేర్లు కొని పెట్టుకుని, తన యూనిట్లు మాత్రం షేర్‌లాగే మార్కెట్లో ట్రేడ్ అయ్యే ఫండ్. 2010లో బెంచ్‌మార్క్ అనే మ్యూచువల్ ఫండ్ వాళ్ళు తెచ్చారు, తర్వాత గోల్డ్‌మన్ శాక్స్, రిలయన్స్ చేతులు మారి నిప్పాన్ దగ్గరికి వచ్చింది.

(స్క్రీన్ మీద హాంగ్ సెంగ్ చార్ట్)

హాంగ్ సెంగ్ 1969 నుంచి ఉన్న హాంకాంగ్ స్టాక్ మార్కెట్ ఇండెక్స్, మనకి నిఫ్టీ లాగా. టెన్సెంట్, అలీబాబా, హెచ్‌ఎస్‌బీసీ, ఏఐఏ లాంటివి అందులో పెద్దవి. 2018 జనవరిలో 33 వేలు దాటింది, 2022 అక్టోబర్ ఆఖరికి 15 వేల కిందకి జారింది, అంటే సగం కంటే ఎక్కువే పోయింది. అందుకే పిల్లల ఫీజు డబ్బులు, రెండేళ్ళలో కావాల్సిన డబ్బులు ఇందులో వద్దండీ, ప్లీజ్.

(స్క్రీన్ మీద రెండు అంకెలు: ఎన్ఏవీ 100, మార్కెట్ రేటు 112)

ఇప్పుడు అసలు విషయం. లోపలున్న షేర్ల విలువ, అంటే ఎన్ఏవీ, యూనిట్‌కి 100 రూపాయలు, మార్కెట్లో మాత్రం 112కి నడుస్తోంది అనుకోండి. మామూలుగా అయితే మార్కెట్ మేకర్లు (ఈటీఎఫ్ యూనిట్లు ఎప్పుడూ కొంటూ అమ్ముతూ ఉండే పెద్ద ట్రేడర్లు) ఫండ్ దగ్గర కొత్త యూనిట్లు తీసుకుని అమ్మేస్తారు, రేటు మళ్ళీ 100 దగ్గరికి దిగుతుంది. కానీ విదేశీ ఈటీఎఫ్‌లలో పెట్టడానికి మన మ్యూచువల్ ఫండ్లన్నిటికీ కలిపి 1 బిలియన్ డాలర్ల లిమిట్ ఉంది, అది నిండబోతోందని 2024 ఏప్రిల్ 1 నుంచి కొత్త డబ్బు తీసుకోవద్దని ఫండ్లకి సెబీ చెప్పింది. ఇలా కొత్త యూనిట్లు ఆగిపోతే, ఉన్నవాటి కోసమే అందరూ ఎగబడితే, రేటు విలువని వదిలేసి పైకి పోతుంది, ఆ పైన కట్టే 12 రూపాయలకి మీకొచ్చే షేర్ ఏమీ లేదు, ఉత్త ప్రీమియం అంతే.

మా పిన్ని కొడుకు ఇలాంటి విదేశీ ఈటీఎఫే ప్రీమియం బాగా ఉన్నప్పుడు కొన్నాడు, ఇండెక్స్ పెరిగింది, వాడి పోర్ట్‌ఫోలియో మాత్రం ఎర్రగానే ఉంది, ఎందుకో వాడికి నెలల తరబడి అర్థంకాలేదు. చూస్తే నాకు చాలా బాధేసింది, ఎందుకంటే కొనేముందు ఫండ్ వాళ్ళ సైట్లో ఐఎన్ఏవీ (లోపలున్న షేర్ల విలువ యూనిట్‌కి ఆ క్షణంలో ఎంతో చెప్పేది) అని ఒక్క అంకె చూసి మార్కెట్ రేటుతో పోల్చుకునుంటే సరిపోయేది.

అది చూసే టైమ్ కూడా ముఖ్యం. హాంకాంగ్ మనకంటే రెండున్నర గంటలు ముందు, మన టైమ్ ప్రకారం ఉదయం 7కి తెరిచి, 9:30 నుంచి 10:30 దాకా లంచ్ బ్రేక్ తీసుకుని, మధ్యాహ్నం 1:30కి మూసేస్తారు. తర్వాత కూడా మన దగ్గర 3:30 దాకా ట్రేడ్ అవుతూనే ఉంటుంది, కానీ అక్కడ షేర్లు కదలవు. నేనైతే 10:30 నుంచి 1:30 మధ్యలోనే కొంటా, అదీ లిమిట్ ఆర్డర్ (ఇంతకు మించి కొనను అని రేటు చెప్పేది) పెట్టి, ఏ రేటుకి దొరికితే ఆ రేటుకి కొనేసే మార్కెట్ ఆర్డర్ అస్సలు కాదు.

కరెన్సీ సంగతి చిన్నదే, హాంకాంగ్ డాలర్ 1983 నుంచి అమెరికా డాలర్‌కి కట్టేసి ఉంది, కాబట్టి డాలర్ ముందు రూపాయి తగ్గితే మీ యూనిట్ విలువకి అది కలిసొస్తుంది.

ప్రీమియం ఎలాగూ ఉంటుందిలే, అమ్మేటప్పుడు మనకీ వస్తుంది కదా అని కొందరంటున్నారు. లిమిట్ పెంచి కొత్త యూనిట్లు మొదలయ్యాయంటే ఇండెక్స్ కదలకపోయినా 112 కాస్తా 100కి వచ్చేస్తుందండీ.