నోట్లో గొట్టం ఉన్న మనిషి నొప్పిని ఎలా చెప్తాడు?

యాంకర్: వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లు మత్తులో ఉంటారు, నొప్పి తెలియదు అని చాలామంది నమ్మకం. నిజమేనా?

రోగి కూతురు: నేనూ అలాగే అనుకున్నానండీ. నాన్నగారు 11 రోజులు ఐసీయూలో ఉన్నారు. చూస్తే నిద్రపోతున్నట్టే ఉండేవారు. ఇంటికొచ్చాక చెప్పారు, "కఫం లాగినప్పుడల్లా ప్రాణం పోయినంత పనయ్యేదమ్మా" అని. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

డాక్టర్: మత్తు వేరు, నొప్పి తగ్గించడం వేరు. ప్రొపోఫాల్, మిడజోలం నిద్రపుచ్చుతాయి గానీ నొప్పిని తీసెయ్యవు. 2018 అంతర్జాతీయ మార్గదర్శకాలు కూడా ముందు నొప్పి సంగతి చూడండి, ఆ తర్వాతే మత్తు అంటున్నాయి.

యాంకర్: మాట్లాడలేని మనిషికి నొప్పి ఉందని ఎలా తెలుస్తుంది సిస్టర్?

సీనియర్ నర్సు: తలూపగలిగితే ముందు ఆయన్నే అడుగుతాం. లేకపోతే సీపాట్ అనే స్కేలు ఉంది. ముఖం ముడుచుకుందా, ఒళ్లు కదుపుతున్నారా, చెయ్యి వంచబోతే బిగుసుకుంటోందా, వెంటిలేటర్‌తో శ్వాస కలుస్తోందా... ఈ నాలుగూ చూస్తాం. ఒక్కోదానికి 0 నుంచి 2, మొత్తం 8. 3 వచ్చిందంటే నొప్పి ఉందనే లెక్క. మందిచ్చి, కాసేపాగి మళ్లీ చూస్తాం. ఆ రెండోసారి చూడడమే పని ఒత్తిడిలో తప్పిపోతుంటుంది. పక్కకి తిప్పేముందు, ఛాతీలో గొట్టం తీసేముందు మందు ముందే పడాలి. కండరాలు కదలకుండా మందిచ్చినవాళ్లలో ఈ గుర్తులేవీ కనపడవు. వాళ్ల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి.

యాంకర్: మానిటర్‌లో బీపీ, పల్స్ చూస్తే తెలియదా?

డాక్టర్: అవి అనుమానం కలిగిస్తాయి, అంతే. బీపీ మామూలుగా ఉంది కాబట్టి నొప్పి లేదనడం తప్పు.

యాంకర్: మార్ఫిన్ లాంటి గట్టి నొప్పి మందు అనగానే ఇంట్లోవాళ్లకి టెన్షన్. అలవాటైపోతుందేమో అని.

డాక్టర్: ఆ భయం నాకు అర్థమవుతుంది. చాలా రోజులు ఇస్తే ఒక్కసారిగా ఆపం, మెల్లగా తగ్గిస్తాం. కిడ్నీలు బాగా లేనివాళ్లలో మార్ఫిన్ అవశేషాలు ఒంట్లో పేరుకుంటాయి, అందుకని ఎక్కువగా అదే కోవకి చెందిన ఫెంటనిల్ వైపు వెళ్తాం. పారాసిటమాల్ తోడుగా ఇస్తే వీటి డోసు కూడా తగ్గించుకోవచ్చు. మార్ఫిన్, ఫెంటనిల్ వల్ల మలబద్ధకం వస్తుంది కాబట్టి దానికీ మందు రాస్తాం.

రోగి కూతురు: నాన్నగారికి ఎప్పటినుంచో మోకాళ్ల నొప్పులు. కాళ్లు చాపి పడుకోలేరు. ఎవరూ అడగలేదు, నాకూ చెప్పాలని తోచలేదు.

సీనియర్ నర్సు: మాకు కావాల్సింది అదేనమ్మా. చెప్పి ఉంటే మోకాళ్ల కింద దిండు పెట్టేవాళ్లం.