కొల్లేటి సంగతి లంకల్లో కూర్చుని మాట్లాడాలి

(ప్రపంచ చిత్తడి నేలల దినోత్సవం సందర్భంగా కైకలూరులో విద్యార్థులు, లంక గ్రామాల వారు కలిసిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. వేదిక మీద ఉన్న పెద్దల పేర్లన్నీ ఇందాకే చదివారు కాబట్టి నేను మళ్లీ చదవను. నాకిచ్చిన టైము తక్కువ, చెప్పాల్సింది చాలా ఉంది.

1971 ఫిబ్రవరి 2న ఇరాన్‌లోని రామ్‌సర్‌లో చిత్తడి నేలల కోసం దేశాలు ఒప్పందం చేసుకున్నాయి. అందుకే ఇవాళ ఈ సభ. ఆ ఒప్పందం కింద ముఖ్యమైన చిత్తడి నేలలకు ఒక జాబితా ఉంది, మన కొల్లేరు సరస్సు 2002లో దానికెక్కింది. అంతకు ముందే, 1999లో, +5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదు అడుగుల ఎత్తు గీత, దాని లోపలున్న 308 చదరపు కిలోమీటర్లను అభయారణ్యంగా ప్రకటించారు. ఇవన్నీ పిల్లలు పోస్టర్ల మీద చక్కగా రాశారు. ఆటపాక గూడబాతుల బొమ్మ వేసిన అమ్మాయి ఎవరో గానీ, చేతిలో మంచి పనితనం ఉంది. అయితే పోస్టర్లన్నీ తిరిగి చూశాను, ఒక్కదాంట్లోనూ మనిషి కనపడలేదు. కిక్కిస గడ్డి ఉంది, కలువలున్నాయి, దోనె కూడా ఉంది. దోనెలో ఎవరూ లేరు. నేనివాళ మాట్లాడేది ఆ దోనెలో ఉండాల్సిన వాళ్ల గురించే.

కృష్ణా డెల్టాకీ గోదావరి డెల్టాకీ మధ్య ఉన్న పల్లం మనది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, ఇంకా ఎన్నో కాలవలు, డ్రెయిన్లు తెచ్చి పోసే నీళ్లన్నీ ఇక్కడ ఆగి, మెల్లగా ఉప్పుటేరు మీదుగా సముద్రంలోకి పోవాలి. దారి దాదాపు 60 కిలోమీటర్లు. ఆ దారి పూడిపోయి, సరస్సు నిండా చేపల చెరువుల గట్లు లేస్తే వచ్చిన నీళ్లు ఎటు పోతాయి? 2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచింది. టీవీలన్నీ సింగ్‌నగర్ దగ్గరే ఉన్నాయి, ఉండాల్సిందే. ఆ తర్వాత ఆ నీళ్లే మన లంకల మీదికి, సరస్సు మధ్య దిబ్బల మీదున్న మన ఊళ్ల మీదికొచ్చాయి. అప్పటికి కెమెరాలు వెళ్లిపోయాయి.

మా చిన్నతనంలో కొల్లేటి నీళ్లే తాగేవాళ్లం. దోనె మీద సరస్సు మధ్యకు వెళ్లి, నాచు పక్కకు తోసి, కడవ ముంచుకుని వచ్చేవాళ్లు మా అమ్మావాళ్లు. ఇప్పుడు చుట్టూ నీళ్లుండి తాగడానికి టిన్ను కొనుక్కుంటున్నాం.

మా చిన్నాన్న సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. వెదురు పుల్లలతో మావులు, అదే చేపలు పట్టే బుట్టలు, అల్లడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పుల్లకూ పుల్లకూ మధ్య తన చిటికెన వేలు పట్టేంత సందు వదిలేవాడు. ఎందుకని అడిగితే, "పిల్ల చేప పోవాలిరా, వచ్చే ఏడు మళ్లీ కావద్దా" అనేవాడు. కొర్రమీనుకు ఒక రకం, జల్లకు ఒక రకం. నీటి రంగు చూసి ఏ వాగు నీళ్లు దిగాయో చెప్పేవాడు.

1970లలో ప్రభుత్వం మత్స్యకారుల సొసైటీలు పెట్టి చెరువులు తవ్వించి ఇచ్చింది. మంచి ఉద్దేశమే. కానీ చేప పిల్లలు, మేత, డీజిలు, వీటన్నిటికీ పెట్టుబడి ఎవరి దగ్గరుంది? బయటి నుంచి డబ్బున్నవాళ్లు లీజుకు తీసుకున్నారు. మా చిన్నాన్న పేరు సొసైటీ రిజిస్టర్లో ఉంది. ఏడాదికోసారి చేతిలో పెట్టే లీజు డబ్బులు పండక్కి బట్టలకు సరిపోయేవి. అదే చెరువు గట్టు మీద రాత్రి కాపలాకు ఆయన్నే జీతానికి పెట్టుకున్నారు. ఒకసారి ఇంటికి చుట్టాలొస్తే కూరకని చిన్న వల వేశాడు. లీజుదారు మనుషులు పట్టుకుని, తెల్లారేదాకా గట్టు మీద కూర్చోబెట్టారు. ఆ పేర్లు ఇప్పుడొద్దు. ఆ చెరువు ఆయన పేరున ఉంది, అది చాలు.

అభయారణ్యం ప్రకటించాక మా ఊరి బడి వరండాలో బల్ల మీద మ్యాపు పరిచారు. చిన్నాన్న వంగి చూసి, "ఈ గీత ఎప్పుడు గీశారు బాబూ?" అన్నాడు. అది నీటి గీత కాదు, సముద్రమట్టం నుంచి నేల ఎత్తు అని చెప్పారు. "ఇక్కడ నేల కూడా ఒకలా ఉండదండీ. ఒండ్రు పడ్డచోట లేస్తది, తవ్వినచోట దిగుతది. మాతో పడవెక్కండి, చూపిస్తాం" అన్నాడు. మ్యాపు మడిచేశారు. పడవ ఎవరూ ఎక్కలేదు.

2006లో సుప్రీంకోర్టు ఆదేశాల మీద, అభయారణ్యంలోని చేపల చెరువుల గట్లు కొట్టేసే కొల్లేరు ఆపరేషన్ జరిగింది. పొక్లెయిన్లు వచ్చాయి, పేలుడు సామాను వచ్చింది, గట్లు తెగాయి. తెగాల్సిందే, నేను దానికి వ్యతిరేకిని కాను. నీరు విశాలంగా పారింది, పక్షులొచ్చాయి. కానీ తెగిన గట్ల మట్టి చాలాచోట్ల అక్కడే కుప్పలుగా ఉండిపోయింది. చిన్నాన్నకు లీజు డబ్బులూ పోయాయి, కాపలా జీతమూ పోయింది. గట్లు పోతే ఆయన ఏం తిని బతకాలన్నది ఎవరి ఫైల్లోనూ లేదు. అందుకే ఏళ్లు గడిచేకొద్దీ రాత్రిళ్లు మళ్లీ గట్లు వేసే మిషన్లు దిగినప్పుడు ఊళ్లు అడ్డం పడలేదు. ఎందుకు పడతాయి చెప్పండి? మీరే ఆ స్థానంలో ఉంటే పడతారా?

మన రాష్ట్రంలోనే, కాకినాడ పక్కన కోరింగ మడ అడవుల్లో వేరే పద్ధతి నడిచింది. చెట్లు చచ్చిపోయి బోడి నేల మిగిలిన చోట్ల పోటు నీరు లోపలికి ఎక్కక, ఉప్పు పేరుకుపోయింది. 1990ల చివర్లో ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ, అటవీ శాఖ కలిసి గ్రామాల్లో వన సంరక్షణ సమితులు పెట్టించాయి. పాయ నుంచి ఒక పెద్ద కాలవ, దానికి ఏటవాలుగా రెండు పక్కలా చిన్న కాలవలు, చేప ముల్లు ఆకారంలో తవ్వారు. పోటుకు నీరెక్కి, పాటుకు దిగి, ఉప్పు కడుక్కుపోయింది. తవ్విందీ ఊళ్లవాళ్లే, మడ మొక్కలు నాటిందీ వాళ్లే. పోటు ఎటు ఎక్కుతుందో వాళ్లకంటే తెలిసినవాళ్లెవరు? అక్కడ మాత్రం అన్నీ సజావుగా ఉన్నాయని నేననను. కాకినాడ చుట్టుపక్కల మడ నరికి మట్టి పోసిన చోట్లూ ఉన్నాయి. కానీ తన చేత్తో నాటిన మొక్కను ఎవడైనా కొట్టడానికొస్తే, ఆ ఊరివాడు అడుగుతాడు. మన దగ్గర అలా అడిగే అవకాశం ఎవరికిచ్చాం?

టైమైందని చీటీ పంపారు. రెండు నిమిషాలు.

ఉప్పుటేరు పూడిక తీసే పని, మిగిలిన గట్ల మట్టి ఎత్తే పని లంకల వాళ్లకు కూలి ఇచ్చి చేయించండి. దోనెతో, మావులతో, చేతివలతో చేపలు పట్టుకునేవాడి చేతిలో హక్కు కాగితం పెట్టండి. జిరాయితీ పట్టాలున్న, అంటే సొంత భూమి ఉన్న చిన్న రైతు సంగతి తేల్చండి, ఎన్నేళ్లని నాన్చుతారు? బినామీ లీజుదారును, చిన్న పట్టాదారును ఒకే నోటీసుతో కొట్టకండి. కాలేజీ పిల్లలూ, మీకూ ఒక పని ఉంది. మీ ఊళ్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి, ఏ వాగు నీరు ఏ నెలలో ఎక్కడిదాకా వచ్చేదో రాసుకోండి. మా చిన్నాన్న నుంచి రాసుకునేవాళ్లు లేకపోయారు, ఆయన పోయారు.

ముందు వరసలో ఉన్న శాఖల వారికి నా విన్నపం ఒకటే. వచ్చే సభ ఈ హాల్లో పెట్టకండి. ఆగస్టులో నీళ్లు నిండుగా ఉన్నప్పుడు ఏదో ఒక లంకలో పెట్టండి. సర్వే మ్యాపు తెలుగులో రాయించి తీసుకురండి, ఉప్పుటేరు పనుల లెక్కలు అక్కడ చదివి వినిపించండి. తేదీ మీరు చెప్పండి, పడవలు మేం సిద్ధం చేస్తాం. నమస్కారం.