కత్తెరకు తెగని కార్డు

అందరికీ నమస్కారం.

ఆహ్వాన పత్రంలో ఈ ప్రసంగానికి 'ఆర్థిక అక్షరాస్యత' అని పెద్ద పేరే పెట్టారు. అంత విషయం గంటలో చెప్పడం నా వల్ల కాదు. జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్పి రిటైరైనవాణ్ణి. ఒక చిన్న సంగతి పట్టుకుని మాట్లాడతాను. పదిహేను వేలో, ఇరవై వేలో లిమిట్ ఉన్న క్రెడిట్ కార్డు ఒకటి మనలో చాలామంది పర్సులో పడి ఉంటుంది. దాన్ని ఉంచుకోవాలా, మూసేయాలా? ఇవాళ్టికి అంతే.

ఈ కార్డు కొందరికి మొదటి ఉద్యోగంలో జీతం ఖాతాతో పాటు వచ్చింది. కొందరికి ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద బ్యాంకు ఇచ్చింది. మరికొందరికి షాపింగ్ మాల్ మెట్ల దగ్గర టేబుల్ వేసుకుని కూర్చున్న కుర్రాళ్లు అంటగట్టారు. నాది ఆ మూడో రకం. హనుమకొండలో మా ఇంటావిడతో బతుకమ్మ చీరలు కొనడానికి వెళ్లి, చీరలతో పాటు కార్డు కూడా తెచ్చుకున్నాను. లిమిట్ 25,000. "లైఫ్‌టైమ్ ఫ్రీ సార్" అన్నాడా అబ్బాయి. కాగితం మీద మొదటి ఏడాదే ఫ్రీ అని ఉంది. ముప్పై ఏళ్లు పిల్లలకు 'సంతకం పెట్టే ముందు చదవండి' అని చెప్పినవాణ్ణి, నేను చదవలేదు.

రెండో ఏడాది ఫీజు పడింది. 499 రూపాయలు, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 588 రూపాయల 82 పైసలు. ఆ మొత్తం కట్టేశాను గానీ కోపం వచ్చింది. కుట్టుమిషను డ్రాయర్లోంచి కత్తెర తీసి కార్డును అడ్డంగా, నిలువుగా నాలుగు ముక్కలు చేసి చెత్తబుట్టలో వేశాను. పీడ పోయిందనుకున్నాను. ఆ తర్వాత ఫోన్ నంబరు కూడా మార్చాను. బ్యాంకుకు చెప్పాలని తోచనే లేదు.

రెండేళ్లు గడిచాక మా అమ్మాయి చదువు అప్పు కోసం నేను సహ దరఖాస్తుదారుగా సంతకం పెట్టాల్సి వచ్చింది. మేనేజరు కంప్యూటర్లో చూసి, "సార్, మీకు ఒక కార్డు మీద బాకీ ఉంది, చాలా నెలలుగా కట్టడం లేదు" అన్నాడు. నా మొహంలో నెత్తురు చుక్క లేదు. ప్లాస్టిక్ ముక్క పోయింది గానీ ఖాతా బతికే ఉంది. దాని మీద ఏటా ఫీజు, ఫీజు కట్టనందుకు ఆలస్య రుసుము, ఆ రెండింటి మీద వడ్డీ. పాత నంబరుకు మెసేజీలు పోతూనే ఉన్నాయట. నేను వస్తువేమీ కొనలేదు, ఒక్క రూపాయి వాడలేదు. అయినా బాకీదారునే.

ఇక్కడ మా బాపు గుర్తుకొస్తాడు. పరకాల అవతల ఊరు మాది. బాపు మిర్చి బస్తాలు వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చేవాడు. అడ్తిదారు దగ్గర విత్తనాలకు, మందులకు ఉద్దెర తీసుకునేవాడు, పంట అమ్మినప్పుడు తీర్చేవాడు. పైసలు లెక్కపెట్టి ఇచ్చాక కూడా కదిలేవాడు కాదు. సేటు చిట్టా తెరిచి, తన పేరు మీదున్న పద్దును అడ్డగీతతో కొట్టేస్తే కళ్లారా చూసుకుని గాని బండెక్కేవాడు కాదు. అక్షరం ముక్క రాని మనిషి. కామర్స్ చదివిన కొడుకు మాత్రం చిట్టా సేటు దగ్గరే వదిలేసి, తన చేతిలో చీటీ చింపుకున్నాడు.

ఇప్పుడా చిట్టా పేరు క్రెడిట్ రిపోర్టు. మనం అన్నింటినీ సిబిల్ అనే అంటాం గానీ మన దేశంలో ఆ పని చేసే కంపెనీలు నాలుగు: ట్రాన్స్‌యూనియన్ సిబిల్, ఎక్స్‌పీరియన్, ఈక్విఫ్యాక్స్, క్రిఫ్ హైమార్క్. సిబిల్ మార్కులు 300 నుంచి 900 దాకా ఉంటాయి. ఏ బ్యాంకులో ఎంత తీసుకున్నాం, గడువుకు కట్టామా లేదా అన్నది బ్యాంకులు వీళ్లకు పంపుతాయి. ఇదివరకు నెలకోసారి పంపేవి, 2025 జనవరిలో అది పదిహేను రోజులకోసారి అయింది. చిట్టీ ఎత్తుకున్నాక కిస్తీలు ఎగ్గొట్టినవాడి పేరు కాలనీ అంతా పాకుతుంది కదా, ఇదీ అలాంటిదే. కాకపోతే ఈ కాలనీ దేశమంత ఉంటుంది.

సరే, చిన్న కార్డు మూస్తే మార్కులు తగ్గుతాయా? ఈ భయం చాలామందికి ఉంది, కొంత నిజమూ ఉంది. మనకున్న మొత్తం లిమిట్‌లో ఎంత శాతం వాడుతున్నామో ఆ రిపోర్టు చూస్తుంది. 30 శాతం దాటకుండా ఉంటే మంచిదని అందరూ చెప్పే లెక్క. లెక్క అంటే లెక్కే చేద్దాం, పాత అలవాటు.

ఒకాయనకు రెండు కార్డులున్నాయి. ఒకటి 20,000, ఇంకొకటి 1,80,000. మొత్తం రెండు లక్షలు. నెలకు 60,000 వాడతాడు, అంటే 30 శాతం. చిన్నది మూసేస్తే 1,80,000లో 60,000, అంటే 33 శాతం. తేడా మూడు. దీనికి నిద్ర మానుకోనక్కర్లేదు. ఇప్పుడు ఇంకో అమ్మాయిని తీసుకోండి. కాజీపేటలో ప్రైవేటు ఉద్యోగం. ఆమె కార్డులు 20,000, 40,000. నెలకు 18,000 వాడుతుంది. అది కూడా 30 శాతమే. చిన్నది మూసిందనుకోండి, 40,000లో 18,000 అంటే 45 శాతం. ఆమె ఖర్చు ఒక్క రూపాయి పెరగలేదు, అయినా కాగితం మీద అప్పుల మనిషిలా కనిపిస్తుంది. మూసే కార్డు చిన్నదా పెద్దదా అన్నదాని కంటే మిగిలే లిమిట్ మన ఖర్చుకు సరిపోతుందా అన్నది చూడాలి.

చిన్న కార్డుకు ఇంకో జబ్బుంది. 15,000 లిమిట్ కార్డు మీద 12,000 పెట్టి మిక్సీ, కుక్కరు కొంటే ఆ కార్డు వరకూ 80 శాతం వాడినట్టే. గడువు నాటికి పూర్తిగా కడతాం గానీ, బ్యాంకు ఆ సంఖ్య పంపేది మనం కట్టకముందే కావచ్చు. దీనికి మందు సులువే, బిల్లు తయారు కాకముందే సగమో ముప్పాతికో కట్టేయడం. అలా కట్టకూడదని ఎక్కడా లేదు.

ఇంకో భయం, 'పాత కార్డు మూస్తే పాత చరిత్రంతా తుడిచిపెట్టుకుపోతుంది' అని. అదేమీ జరగదు. మూసిన ఖాతా కూడా 'క్లోజ్డ్' అన్న మాటతో రిపోర్టులో ఏళ్ల తరబడి ఉంటుంది, మనం సరిగ్గా కట్టిన నెలలన్నీ కనిపిస్తూనే ఉంటాయి. ఆ ఖాతా మీద కొత్తగా మంచి నెలలు చేరడం ఆగిపోతుంది, అంతే నష్టం. ఆ ఒక్క కార్డు తప్ప మీ పేరు మీద ఇంకే అప్పూ లేకపోతే మాత్రం తొందరపడకండి. బ్యాంకుకు మిమ్మల్ని గుర్తుపట్టడానికి అదొక్కటే ఆనవాలు.

నా అభిప్రాయం నిర్మొహమాటంగా చెబుతాను. ఏటా ఫీజు లేని పాత చిన్న కార్డు ఉంచుకోండి. ఫీజు ఉంటే ముందు కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి మాఫీ చేస్తారా, లేదా ఫీజు లేని వేరే కార్డుకు మారుస్తారా అని అడగండి. చాలాసార్లు ఒప్పుకుంటారు. ఒప్పుకోకపోతే మూసేయండి. పది మార్కుల కోసం ఏటా ఆరు వందలు ధారపోయడం, గుడికి వెళ్లకుండా కొబ్బరికాయలు కొన్నట్టుంటుంది. ఇక కార్డు చూస్తే చెయ్యి ఆగనివాళ్లు, కనీస మొత్తం కట్టి నెట్టుకొస్తున్నవాళ్లు మార్కుల గురించి ఆలోచించనే వద్దు. నెలకు మూడున్నర శాతం వడ్డీ అంటే ఏడాదికి 42 శాతం. ఊళ్లో నూటికి మూడు రూపాయల మిత్తి వాడిని తిట్టుకుంటాం కదా, ఇది వాడిని మించింది. అలాంటివాళ్లు బాకీ తీర్చేసి మూసేయడమే మేలు.

ఉంచుకుంటాం అన్నవాళ్లు దాన్ని బీరువాలో పెట్టి తాళం వేయకండి. రిజర్వు బ్యాంకు 2022లో ఇచ్చిన ఆదేశాల ప్రకారం, ఏడాదికి పైగా వాడని కార్డును మూయడానికి బ్యాంకు మీకు కబురు పెడుతుంది. 30 రోజుల్లో మీరు జవాబు చెప్పకపోతే మూసేస్తుంది. నెలకో రెండు నెలలకో చిన్న బిల్లు దాని మీద కట్టండి. నక్కలగుట్టలో ఆఫీసున్న మన ఎన్‌పీడీసీఎల్ కరెంటు బిల్లు ఉంది కదా, అది చాలు. అది రూపే కార్డయితే యూపీఐకి కలుపుకుని కిరాణా కొట్టులో స్కాన్ చేసినా సరిపోతుంది. మనుషులకు పైసలు పంపడానికి అది పనిచేయదు, దుకాణాలకు మాత్రమే. బ్యాంకు యాప్‌లోకి వెళ్లి విదేశీ లావాదేవీలు ఆపేసుకోండి. ఏటీఎంలో మాత్రం దానితో నగదు తీయకండి, తీసిన రోజు నుంచే వడ్డీ మొదలవుతుంది.

మూసేయాలనుకున్నవాళ్లకు మా బాపు పద్ధతి చెబుతాను. ముందు దాని మీద ఏమేం వేలాడుతున్నాయో చూడండి. ఫోన్ కొన్న ఈఎంఐ నడుస్తోందా? ఏదైనా ఓటీటీ, బీమా ప్రీమియం ప్రతి నెలా దాని మీదే కోత పడుతోందా? వాపసు రావాల్సిన డబ్బు ఉందా? రివార్డు పాయింట్లుంటే ముందే వాడేసుకోండి, మూశాక అవి పోతాయి. ఇంట్లోవాళ్లకు ఇప్పించిన అదనపు కార్డులూ ఆగిపోతాయి. తర్వాత బాకీ పైసాతో సహా కట్టండి. ఇంతకుముందు బాకీ మిగిల్చి ఉంటే, కట్టిన తర్వాత కూడా మధ్య రోజుల వడ్డీ కొంత వచ్చే నెల బిల్లులో తేలుతుంది. ఒక బిల్లు సున్నాగా వచ్చేదాకా ఆగితే నిశ్చింత.

మూసేయమని అడగడానికి బ్యాంకుకు వెళ్లి నిలబడక్కర్లేదు. ఫోన్‌లో, ఈమెయిల్‌లో, యాప్‌లో ఎక్కడైనా అడగవచ్చు, పోస్టులోనే పంపాలని వాళ్లు పట్టుబట్టకూడదు. బాకీ లేకపోతే ఏడు పనిదినాల్లో మూసేయాలి. ఆలస్యం చేస్తే రోజుకు 500 రూపాయల చొప్పున మనకే కట్టాలి. ఈ నిబంధన తెలిసినవాడితో కస్టమర్ కేర్ గొంతు కూడా మారుతుంది, నేను విన్నాను. ఈమెయిల్ అయితే రాతపూర్వకంగా ఉంటుంది కాబట్టి నేను దాన్నే ఇష్టపడతాను. ఫోన్ చేసేటట్టయితే కార్డు వెనక ఉన్న నంబరుకే చేయండి. గూగుల్‌లో వెతికి దొరికిన నంబరుకు చేసి, ఓటీపీ చెప్పి, ఉన్నదంతా పోగొట్టుకున్నవాళ్లున్నారు. అలా జరిగితే వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి.

మూశామని వాళ్లు ఇచ్చే ఉత్తరం దాచుకోండి. ఫిక్స్‌డ్ డిపాజిట్ మీద తీసుకున్న కార్డయితే డిపాజిట్ మీద ఉన్న పట్టు కూడా తీసేశారా అని అడగండి. నెలా రెండు నెలలు ఆగి క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి. నాలుగు కంపెనీలూ ఏడాదికి ఒక పూర్తి రిపోర్టు ఉచితంగా ఇవ్వాలి. అడ్డగీత పడిందో లేదో అక్కడ చూసుకోవాలి.

అక్కడ ఒక మాట జాగ్రత్తగా చదవండి. 'క్లోజ్డ్' అని ఉంటే మంచిది. 'సెటిల్డ్' అని ఉంటే మచ్చ. వసూలుకు వచ్చేవాళ్లు, "సార్, నలభై వేలకు పాతిక వేలు కట్టండి, ముగించేద్దాం" అని తియ్యగా చెబుతారు. వాళ్లు ముగించేది సెటిల్‌మెంటు. మొత్తం బాకీ తీర్చలేదని, తగ్గించి వదిలేశారని ఆ ఒక్క మాటకు అర్థం. తర్వాత ఇంటి అప్పుకు వెళ్తే ఆ మాట మీదే పేచీ వస్తుంది. మరీ చేతకాని పరిస్థితిలో అది తప్పకపోవచ్చు. కానీ చేతనయినవాడు పదిహేను వేలు మిగులుతాయని దానికి ఒప్పుకోవడం చూస్తే నాకు బాధేస్తుంది.

రిపోర్టులో తప్పుంటే ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలన్న నిబంధన 2024 ఏప్రిల్ నుంచి ఉంది. బ్యాంకు నెల రోజులైనా పలకకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్ ఉన్నాడు, 14448కి ఫోన్ చేస్తే దారి చెబుతారు. నా విషయంలో రిపోర్టు తప్పు కాదు, తప్పు నాది. బాకీ మొత్తం కట్టి, ఈమెయిల్ పెట్టి మూయించుకున్నాను. ఆలస్యమైన నెలలు మాత్రం రిపోర్టులో అలాగే ఉన్నాయి. అమ్మాయి అప్పుకు చివరికి మా ఆవిడ సంతకం పెట్టింది. ఆమె పేరు మీద ఎప్పుడూ ఒకే ఒక బంగారం అప్పు ఉండేది, గడువుకు ముందే తీర్చేసింది. ఆ విషయం ఇంట్లో ఇప్పటికీ నెలకోసారి ప్రస్తావనకు వస్తుంది.

ఇందాక చీటీలు రాసి పంపమన్నాను, ఒకటి చదువుతాను. "నాకు మూడు చిన్న కార్డులున్నాయి. ఉగాదికల్లా ఇల్లు కొనాలనుకుంటున్నాం. బ్యాంకుకు వెళ్లే ముందే మూడూ మూసేస్తే శుభ్రంగా కనిపిస్తుందా?"

అమ్మా, మీరు ఎవరో గానీ మంచి ప్రశ్న వేశారు. ఇప్పుడు ముట్టుకోకండి. అప్పు మంజూరై, డబ్బు చేతికొచ్చేదాకా మూడింటి మీదా బాకీ సున్నాలో ఉంచి, రిపోర్టు ఒకసారి తీసి చూసుకోండి. కొత్త కార్డుకు కూడా దరఖాస్తు చేయకండి. గృహప్రవేశం అయ్యాక తీరిగ్గా రెండు మూసేయవచ్చు. ఈ లోపల వాటిలో ఒకదానికి ఫీజు పడి, మాఫీ చేయమంటే వాళ్లు చేయకపోతే ఆ 588 రూపాయల 82 పైసలు గడువుకు ముందే కట్టేయండి. కత్తెర మాత్రం తీయకండి.

తర్వాతి చీటీ ఇలా ఇవ్వండి.